సూరత్‌లో నాలుగు గడుల లెక్క

సూరత్ వెళ్లివచ్చానని తెలిసినవాళ్లంతా ముందు చీరల గురించే అడిగారు. రెండు చీరలు తెచ్చిన మాట నిజమే. అరకిలో ఘారీ మిఠాయి కూడా తెచ్చాను. సంచిలో మిగతాదంతా కాగితాలు.

కరీంనగర్‌లో ఒక డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతాను. నలభై దగ్గరపడ్డాక పిహెచ్‌డీలో చేరాను. కాలేజీకి వెళ్లి రావడంలో తాము ఎంత భద్రంగా ఉన్నామని పిల్లలు అనుకుంటున్నారన్నది నా విషయం. కరోనా రెండో విడత తగ్గి కాలేజీలు మళ్లీ తెరిచిన చలికాలం అది. మా పెద్దమ్మ కూతురు పద్మక్క కుటుంబం ఇరవై ఏళ్లుగా సూరత్‌లో ఉంటోంది. ఆమె కూతురు కావ్య అక్కడ బీకాం రెండో ఏడాది. ఒకరోజు ఫోన్లో మాటల మధ్య, తమ కాలేజీలో గుంపు కాకుండా క్లాసును రెండుగా విడదీశారని చెప్పింది. బేసి రోల్ నంబర్ల వాళ్లు పొద్దున, సరి నంబర్ల వాళ్లు మధ్యాహ్నం.

నాకు ఆ మాట బంగారంలా వినిపించింది. ఎవరు ఏ పూట రావాలో పిల్లలూ ఎంచుకోలేదు, తల్లిదండ్రులూ ఎంచుకోలేదు. నంబరు ఎంచింది. పూటకీ పూటకీ పోలిక పెట్టాలనుకునే నాలాంటి వాళ్లకు అంత న్యాయమైన విభజన ఊరికే దొరకదు. ఉత్తరాలు రాసి, కాలేజీ అనుమతి తెప్పించుకుని, టీకా సర్టిఫికెట్టు మడిచి పర్సులో పెట్టుకుని వరంగల్‌లో బండెక్కాను.

బండిలో

ఎదుటి సీట్లో రాధవ్వ అనే ఆమె కూర్చుంది. అరవై దాటి ఉంటాయి. సూరత్ దక్షిణపు అంచున ఉన్న భేస్తాన్‌లో కొడుకు మరమగ్గాల మీద పనిచేస్తాడట. మాస్కు గడ్డం కిందికి జారి ఉంది. మొదటి లాక్‌డౌన్‌లో లారీ మీద ఊరికి వచ్చామని, ఊళ్లో పని దొరక్క కొడుకూ కోడలూ మళ్లీ వెళ్లారని, ఇప్పుడు తనూ వెళ్తున్నానని చెప్పింది. సర్వపిండి ముక్క నా చేతిలో పెట్టి, "దినువు బిడ్డా, నాకు కరోనా గిరోన లేదు" అంది.

తిన్నాను. నువ్వులు బాగా పడ్డాయి. నేను చేసే పని ఏమిటని అడిగితే, వీలైనంత తేలికగా చెప్పి, "అవ్వా, సూరత్‌లో మీకు భయమనిపిస్తదా?" అని అడిగాను.

"ఎవలకు? నాకా, నా కోడలికా?" అంది. నేను జవాబు వెతుక్కునేలోపే, "ఏ పొద్దు అడుగుతున్నవ్? పగటీలా, మాపా?" అని కూడా అడిగింది.

నవ్వు వచ్చింది. నా పరిశోధనలో ఉన్న రెండు అంశాలనూ ఆమె ఒక్క గుక్కలో అడిగేసింది. భుసావల్ దాటేదాకా ఆమె కోడలి కథలు విన్నాను. నందుర్బార్‌లో టీ తాగాం. పది రూపాయలకు మన దగ్గర వచ్చే టీలో సగమే వచ్చింది. కానీ అల్లం రెండింతలు.

పర్వత్ పాటియా

పద్మక్క వాళ్లుండేది పర్వత్ పాటియాలో మూడో అంతస్తు. రెండు గదులు. కిందంతా బట్టల గోడౌన్లు. గది మూలలో చీరల దొంతర ఉంది. అక్క తీరిక దొరికినప్పుడల్లా ఒక్కో చీరకు గమ్ముతో మెరిసే రాళ్లు అంటిస్తూ ఉంటుంది. ఆ వీధిలో ఆడవాళ్లంతా అదే పని చేస్తారు. ఎండ తగ్గాక గుమ్మాల ముందు చీరలు పరుచుకుని కూర్చుంటారు. మాటలు తెలుగులో, బేరాలు హిందీలో, తిట్లు గుజరాతీలో.

రాజేశం బావ కడోదరా వైపు ఒక మరమగ్గాల కార్ఖానాలో మేస్త్రీ. పదిహేను రోజులు పగటి షిఫ్టు, పదిహేను రోజులు రాత్రి షిఫ్టు. నేను వెళ్లింది రాత్రి షిఫ్టు రోజుల్లో. పగలు లోపలి గదిలో పడుకుని, మూడింటికి లేచి, ఆరు కాకముందే డబ్బా పట్టుకుని వెళ్లిపోయేవాడు. మాటలు తక్కువ. నేను రాగానే, "తొవ్వల మంచిగనే అయిందా?" అని అడిగి, నాకోసం తెచ్చిన పొట్లం చేతికిచ్చాడు. అందులో పొంక్ ఉంది. లేత జొన్న కంకులు కాల్చి నలిపి తీసిన పచ్చటి గింజలు. చూడగానే పోల్చుకున్నాను, మన ఊసబియ్యం. మన దగ్గర చేను గట్టు మీద ఊరికే తినేదాన్ని ఇక్కడ సన్న సేవ్, నిమ్మరసం, మిరియాల పొడి కలిపి బాదం పప్పు ధరకు అమ్ముతున్నారు. కాల్చిన వాసన మాత్రం అదే.

మర్నాడు కావ్య కాలేజీకి సెలవు. పొద్దున లోచో తిన్నాం. ఉడికీ ఉడకనట్టు ఉండే శనగపిండి వంటకం, పైన వెన్న, ఉల్లిపాయ ముక్కలు. తింటూ తింటూ కావ్య నా ప్రశ్నపత్రం చేతిలోకి తీసుకుంది. నెల రోజులు కూర్చుని తెలుగులో, ఇంగ్లిషులో తయారు చేసుకుని, కట్టలకొద్దీ అచ్చు వేయించి మోసుకొచ్చాను.

"చిన్నమ్మా, గిది ఎవలు సదువుతరు?" అంది.

"తెలుగు పిల్లలున్నారన్నావు కదా."

"మాట్లాడుతం. సదువొస్తలేదు. మా క్లాసుల ఎవలకు రాదు. ఇంగ్లిష్ గూడ గింత బారీక్ ఇంగ్లిష్ ఎవలకు తెలుస్తది?"

తెచ్చిన కట్టలన్నీ పక్కన పెట్టి, ఆ మధ్యాహ్నమంతా కావ్యా నేనూ గుజరాతీలో మళ్లీ రాశాం. భద్రతకు 'సలామతి' అని పెట్టింది. "నేను ఒంటరిగా నడిచేటప్పుడు" అన్న వాక్యం దగ్గర ఆగిపోయింది. "ఏక్లో అంటె పోరగాడు. ఏక్లీ అంటె ఆడపిల్ల. ఏది రాయాలె?" అని అడిగింది. తెలుగులో 'ఒంటరిగా' అంటే ఎవరికైనా సరిపోతుంది. ఆ భాషలో ఒంటరితనానికి కూడా ఆడామగా ఉన్నాయి. రెండూ రాయమన్నాను. వాళ్ల లెక్చరర్ మెహుల్ భాయ్ ఫోన్లో విని నాలుగు తప్పులు దిద్దాడు. సాయంత్రానికి జిరాక్స్ అయింది. పేజీ రూపాయి. ఎక్కువ కాపీలు కాబట్టి తగ్గించమంటే, కొట్టాయన అరచేయి అడ్డంగా ఊపి, టీ మాత్రం తెప్పించాడు.

కాలేజీలో

కాలేజీ పేరు రాయను. ఊరి మధ్యలో పాత భవనం. ఒక బల్ల విడిచి ఒక బల్ల మీద కూర్చోకూడదని రంగు టేపుతో గుర్తు వేశారు. వాకిట్లో చేతుల మీద శానిటైజర్ పోయడానికి ఒక ముసలాయన. మెహుల్ భాయ్ ముప్పై ఐదేళ్ల మనిషి, ఉత్సాహవంతుడు. పిల్లలకు నన్ను పరిచయం చేసి, కాగితాలు తనే పంచి, అందరూ నింపేదాకా వరసల మధ్య అటూ ఇటూ తిరిగాడు.

ఇరవై వాక్యాలు, అన్నీ 'ఫలానాచోట నాకు భద్రంగా ఉంటుంది' అన్న తీరువే. ఒక్కో వాక్యానికి ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు. అసలు ఒప్పుకోకపోతే ఒకటి, పూర్తిగా ఒప్పుకుంటే ఐదు. పేరు లేదు, నంబరు లేదు. ఆడా మగా, ఏ పూట, అంతే.

పది నిమిషాల్లో కాగితాలు తిరిగొచ్చాయి. తిరగేస్తే అన్నీ ఐదులే. సూరత్ అంత నిర్భయమైన ఊరు లోకంలో లేదన్నట్టు ఉంది. మెట్ల దగ్గర కావ్యను అడిగాను.

"సర్ గట్ల తిరుగుతుంటె ఎవలు రాస్తరు చిన్నమ్మా? అందరం పాంచ్ పాంచ్ కొట్టేసినం."

మెహుల్ భాయ్‌కి ఆ మాట చెప్పాలంటే మొహమాటం వేసింది. చెప్పకపోతే నా లెక్కంతా గాలి. స్టాఫ్‌రూంలో ఆయన డబ్బా విప్పి, ఊంధియూ సగం నా మూతలో వేశాడు. దుంపలూ చిక్కుడుకాయలూ వంకాయలూ నూనెలో మగ్గిన కూర. రెండు ముద్దలు తిన్నాక చెప్పాను. ఆయన తన డబ్బా మూసేశాడు. తర్వాత హిందీలో, "మేడం, ఒకళ్లది ఒకళ్లు చూసి రాయకుండా కాపలా కాస్తున్నాననుకున్నాను" అన్నాడు. నొచ్చుకున్నాడని తెలుస్తూనే ఉంది. అయినా మర్నాడు కొత్త కాగితాలు ఇచ్చేటప్పుడు తను వరండాలో నిలబడి, లోపలికి తొంగి కూడా చూడలేదు. తలుపు దగ్గర మూత ఉన్న అట్టపెట్టె పెట్టాం. పిల్లలు ఎవరి కాగితం వాళ్లే మడిచి అందులో వేశారు. మొదటి కట్ట లెక్కలోకి తీసుకోలేదు. మధ్యాహ్నం బ్యాచ్‌కీ అలాగే చేశాం. ఈసారి ఎవరూ పది నిమిషాల్లో లేవలేదు. ఒకమ్మాయి చివరిదాకా కూర్చుని, రెండు అంకెలు కొట్టేసి మళ్లీ చుట్టింది.

బావ అడిగిన మాట

ఆ సాయంత్రం బావ డ్యూటీకి వెళ్లబోతూ నా దగ్గరికొచ్చి కూర్చున్నాడు. అక్క చీర మీద రాళ్లు అంటిస్తోంది. కావ్య నీళ్లకోసం కిందికి వెళ్లింది.

"శైలజా, ఒకటడుగుత, తప్పనుకోకు. మా కావ్య ఏం రాసిందో జర సూసి చెప్తవా?"

"అందులో పేర్లు లేవు బావా."

"పేరు లేకుంటేంది. దాని రాత మీ అక్క గుర్తువడ్తది."

"రాత కూడా లేదు. అంకెల చుట్టూ గీతలు చుట్టారు, అంతే."

ఆయన డబ్బా మూత బిగించి, విప్పి, మళ్లీ బిగించాడు. "ఫోన్ల సదువుకున్నన్ని దినాలు రంది లేకుండె. ఇప్పుడు ఆరు గొట్టకముందే ఎల్లిపోతది. నేనేమో మిషిన్ కాడుంట. గీ గల్లీల ఇద్దరు పిల్లల్ని మాన్పించిన్రు, ఇంట్ల రాళ్లు అంటిస్తున్నరు. భయమైతున్నదని అది రాసుంటె, ఈ యేడు ఇంట్లనే ఉండుమంట. లేదని రాసుంటె మంచిదే, పోనీ."

"ఆమెనే అడగండి బావా."

"అడిగిన. ఏం లేదంటది. నాకు ఏం లేదంటది గని, నీ కాగితంల నిజం రాస్తది గద."

"అందుకే చూపించలేను బావా. చూపిస్తానని తెలిస్తే ఏ పిల్లా నిజం రాయదు" అన్నాను.

ఆయన తల ఊపి లేచాడు. కోపం చూపలేదు. అక్క మాత్రం అన్నం పెట్టేటప్పుడు నాతో మాట్లాడలేదు. "కన్నోళ్లకు తెలియద్దా?" అని ఒక్క మాట అంది, అదీ కూర గిన్నెతో అన్నట్టు. వాళ్ల ఇంట్లో తింటూ, వాళ్ల మంచం మీద పడుకుంటూ, వాళ్ల బిడ్డ సంగతి వాళ్లకు చెప్పనంటున్నాను.

లెక్క

ఆదివారం బయటికెక్కడికీ వెళ్లలేదు. కాగితాలన్నీ ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాను. నేను వాడిన పద్ధతిని మా క్లాసుల్లో టూ వే అనోవా అంటాం. పేరు విని భయపడక్కర్లేదు. ఒక కాగితం మీద నాలుగు గడులు గీయండి. పై వరసలో అమ్మాయిలు, కింది వరసలో అబ్బాయిలు. ఎడమ వైపు పొద్దున వచ్చేవాళ్లు, కుడి వైపు మధ్యాహ్నం వచ్చేవాళ్లు. ఏ గడిలో పిల్లల మార్కులు ఆ గడిలో వేసి సగటు తీయాలి. తర్వాత ఆ లెక్కను మూడు ప్రశ్నలు అడగాలి. అమ్మాయిలకూ అబ్బాయిలకూ తేడా ఉందా? పొద్దుటికీ మధ్యాహ్నానికీ తేడా ఉందా? మూడోది, పూట మారితే వచ్చే తేడా అమ్మాయిలకూ అబ్బాయిలకూ ఒకేలా ఉందా, వేరువేరుగా ఉందా? ఒకే గడిలో కూడా మనిషికీ మనిషికీ మార్కులు మారుతుంటాయి. ఆ మామూలు తేడా కంటే గడికీ గడికీ మధ్య తేడా నిజంగా పెద్దదా అన్నది చూసి గానీ ఆ లెక్క జవాబు చెప్పదు.

మధ్యాహ్నం బ్యాచ్ అమ్మాయిలే ఎక్కువ భయపడతారని నేను ఇంటి దగ్గరే అనుకుని వచ్చాను. వాళ్లు ఇల్లు చేరేసరికి పొద్దుగూకుతుంది కదా. పొద్దుగూకాక ఆడపిల్ల బయట ఉండకూడదని వింటూ పెరిగినదాన్నే నేనూ.

మొదటి ప్రశ్నకు లెక్క 'లేదు' అంది. అమ్మాయిలందరినీ కలిపి, అబ్బాయిలందరినీ కలిపి చూస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండో ప్రశ్నకూ లేదనే అంది. మూడో ప్రశ్నకు మాత్రం ఉందని గట్టిగా చెప్పింది. గ్రాఫు గీస్తే రెండు గీతలూ కత్తెరలా ఒకదాన్నొకటి దాటాయి. నాలుగు గడుల్లోకెల్లా తక్కువ మార్కులు పొద్దుటి అమ్మాయిలవి. మధ్యాహ్నం అమ్మాయిలు నిశ్చింతగా ఉన్నారు. అబ్బాయిలు తలకిందులు, పొద్దున బాగున్నారు, మధ్యాహ్నం తగ్గారు.

మొదటి రెండు జవాబులే చూసి ఆగిపోయి ఉంటే, ఇక్కడ ఏ సమస్యా లేదని రాసుకుని వెళ్లిపోయేదాన్ని. అబ్బాయిల సంగతి సులువుగానే తెలిసింది. మెహుల్ భాయ్ ఫోన్లో చెప్పాడు, సాయంత్రం బస్సులు కిక్కిరిసి ఉంటాయని, జేబుల్లో ఫోన్లు పోతున్నాయని, జబ్బు భయం కూడా అక్కడేనని. అమ్మాయిల సంగతే అర్థం కాలేదు. సోమవారం నీతో వస్తానని కావ్యకు చెప్పాను.

ఆరు కాకముందు

ఆరింటికి పది నిమిషాల ముందు ఇంట్లోంచి దిగాం. డిసెంబర్‌లో అక్కడ ఏడైతే గానీ తెల్లవారదు. సాయంత్రం చూసిన వీధేనా అనిపించింది. గుమ్మాల ముందు ఒక్క ఆడమనిషి లేదు. గోడౌన్ల షట్టర్లన్నీ దించి ఉన్నాయి. లైటు స్తంభాలు దూరదూరంగా ఉన్నాయి. బస్సు ఆగే రోడ్డు దాకా పావుగంట నడక.

రెండు మలుపులు తిరిగాక రాత్రి షిఫ్టు దిగిన మనుషులు ఎదురవడం మొదలైంది. ముగ్గురూ నలుగురూ కలిసి, అలసిపోయి, తలల మీద దూదిపొడి, ముఖాలకు మాస్కులు. ఎవరూ మావైపు చూడను కూడా లేదు. అయినా ఒక్కో గుంపు కనపడగానే కావ్య నా చేయి పట్టుకుని రోడ్డుకు అవతలి వైపు దాటింది. బస్ స్టాప్ చేరేలోపు మూడుసార్లు దాటాం.

"ఎవరైనా ఏమైనా అన్నారా కావ్యా, ఎప్పుడైనా?"

"ఒక్కపారి గూడ అనలే. గదే చిన్నమ్మా. చెప్పుకుందమంటె ఏం లేదు." కొంచెం దూరం నడిచాక మళ్లీ అంది. "ఇంతకుముందు ఎనిమిది మందిమి కలిసి వోతుంటిమి. ఇప్పుడు సగం మంది మధ్యాహ్నం బ్యాచ్. ఇద్దర్ని మాన్పించిన్రు. ఒకామె మామా ఇంటికాడికెల్లి వస్తది. నేనొక్కదాన్నే. ఎదురొచ్చెటోళ్లు అందరు మన గల్లీలోళ్లే ఉంటరు గావచ్చు. మాస్కులు వెట్టుకుంటె మొఖం తెలుస్తలేదు. ఎవరు కాకానో, ఎవరు కాదో."

"మరి నాన్నతో ఎందుకు చెప్పలేదు?"

"చెప్తె సదువు పోతది" అంది, బస్సు నంబరు చూస్తూ.

ఆ పావుగంట నడకలో కావ్య చేయి నేనూ వదల్లేదు. నాకు నలభై ఏళ్లు, పక్కన ఇంకో మనిషి ఉంది. ఆమెకు పందొమ్మిది. వారానికి ఆరు రోజులు.

దారం సంగతి

ఆ సాయంత్రం బావ టీ తాగుతుండగా, పనికిరాకుండా పోయిన తెలుగు ప్రశ్నపత్రం వెనక నాలుగు గడులు గీసి ఆయన ముందు పెట్టాను. ఎవరి కాగితమూ చూపించనని, అందరివీ కలిపితే తేలింది మాత్రం చెబుతానని అన్నాను. అక్క చీర పక్కకు జరిపి దగ్గరికొచ్చింది.

"ఆడపిల్ల అయినందుకు భయం అని లెక్కలో రాలేదు బావా. పొద్దున్నే అయినందుకు భయం అని కూడా రాలేదు. ఆడపిల్లలు, పొద్దున్నే. రెండూ కలిసిన చోటే ఉంది. అదే పిల్లలు మధ్యాహ్నం వెళ్లి పొద్దుగూకే వేళకు వస్తే భయం లేదు. అప్పుడు గుమ్మాల ముందు అక్క వాళ్లంతా ఉంటారు."

ఇంకా ఎలా చెప్పాలా అని నేను ఆలోచిస్తుంటే, బావే వేలు పెట్టి గడులు తడిమాడు.

"గిది మాకెర్కే" అన్నాడు. "దారం మంచిదే ఉంటది. మిషిన్ మంచిదే ఉంటది. గదే దారం ఇంకో మిషిన్ మీద మంచిగ నడుస్తది. గీ మిషిన్ మీద ఇంకో దారం మంచిగ నడుస్తది. గీ దారం గీ మిషిన్ మీద ఎక్కిస్తె మాత్రం గంటకు పదిసార్లు తెగుతది. సేఠ్‌కు చెప్తె, దారందా తప్పు, మిషిన్‌దా తప్పు అని అడుగుతడు. ఏం చెప్పాలె?"

పదిహేనేళ్లు పాఠం చెప్పినా నాకు ఇంత మంచి ఉదాహరణ దొరకలేదు.

వంటగది గుమ్మంలో కావ్య నిలబడి ఉందని అప్పుడు చూశాను. చేతులు తడిగా ఉన్నాయి. "నాన్నా," అంది, "నేను గూడ ఒకటి అనే పెట్టిన. ఒక్కదాన్ని నడిచెటప్పుడు అన్నదాని కాడ. చిన్నమ్మ చెప్పలే. నేనే చెప్తున్న. పొద్దుగాల ఎదురొచ్చెటోళ్లకు మాస్కులుంటె ఎవరు కాకానో తెలుస్తలేదు."

అక్క చేతిలో గమ్ము సీసా అలాగే ఉంది. "అయితె మాన్పిద్దమా?" అని భర్తను అడిగింది. ఆ గొంతులో మాన్పించాలనీ లేదు, పంపాలనీ లేదు.

బావ టీ గ్లాసు పక్కకు జరిపాడు. టీ మీద తొరక కట్టింది. చివరికి, "దారం తెగుతదని దారమే పారేస్తమా? ముందుగాల మిషిన్ మారుస్తం" అన్నాడు. తర్వాత కూతురివైపు కాకుండా గడులవైపే చూస్తూ, మెల్లగా, "నేను కార్ఖానా బండి దిగి వచ్చెటప్పుడు ఇద్దరు ముగ్గురు పిల్లలు సంచులేసుకొని ఎదురొస్తరు. మమ్మల్ని సూడంగనే రోడ్డు దాటి అవతలి దిక్కు వోతరు. కరోనా గద, దూరం జరుగుతున్నరు అనుకున్న ఇన్నొద్దులు" అన్నాడు.

ఆయన డబ్బా తీసుకుని డ్యూటీకి వెళ్లిపోయాడు.

కావ్య మర్నాడే బ్యాచ్ మార్చమని అర్జీ పెట్టింది. పేర్లు లేని నా నాలుగు గడుల కాగితాన్ని మెహుల్ భాయ్ ప్రిన్సిపాల్ ముందు పెట్టాడు. పొద్దుటి అమ్మాయిలు కొందరు మధ్యాహ్నానికి వస్తామంటే, మధ్యాహ్నం అబ్బాయిలు కొందరు పొద్దుటికి వస్తామన్నారట. సంఖ్య సరిపోయింది, కాలేజీకి అభ్యంతరం లేకపోయింది. వారం తర్వాత కావ్య ఫోన్ చేసి చెప్పింది. జనవరిలో పాఠాలు మళ్లీ కొన్నాళ్లు ఫోన్లలోకి వెళ్లాయి. తర్వాత బ్యాచ్‌లే ఎత్తేశారు. కావ్య చదువు ఆగలేదు. ఇది రాసే నాటికి చివరి ఏడాదిలో ఉంది. మాన్పించిన ఇద్దరిలో ఒకమ్మాయి మళ్లీ వస్తోందట. రెండో అమ్మాయి ఇంకా రాళ్లు అంటిస్తూనే ఉంది.

బయలుదేరిన రోజు

మంగళవారం పొద్దున్నే నా బండి. ఆరుంపావుకల్లా ఆటో వచ్చింది. స్టేషన్‌కు రెండు వందలు అడిగాడు, మాస్కు సరిగా పెట్టుకోమని నాకే చెప్పాడు. అక్క రొట్టెలు కట్టిచ్చి, గేటు దాకా వచ్చి, ఎండుమిరపకాయల పొడి పొట్లం సంచిలోకి తోసింది. నా భుజం నిమిరింది. కూర గిన్నెతో మాట్లాడిన రోజు మా ఇద్దరికీ గుర్తుంది.

ఆటో పెద్దరోడ్డు మలుపు దగ్గర ఒక లారీ అడ్డం ఉంటే ఆగింది. అవతల కార్ఖానా బండి ఆగి ఉంది. అందులోంచి దిగిన నలుగురు గల్లీ వైపు నడుస్తున్నారు. భుజానికి వేలాడే డబ్బాను బట్టి ఒకాయన రాజేశం బావ అని పోల్చుకున్నాను. గల్లీలోంచి ఇద్దరు అమ్మాయిలు సంచులు వేసుకుని ఎదురొస్తున్నారు. నాకు తెలియని పిల్లలు, వేరే కాలేజీ వాళ్లు కాబోలు. మనుషులను చూసి వాళ్ల నడక నెమ్మదించింది.

బావ పక్కవాళ్ల భుజం తట్టి ఏదో అన్నాడు. నలుగురూ రోడ్డు దాటి, అవతలి వైపు టీ బండి దగ్గర లైటు కిందికి వెళ్లి నిలబడ్డారు. బావ మాస్కు కిందికి లాగాడు. అది చూసి మిగతా ముగ్గురూ లాగారు. నాలుగు ముఖాలూ వెలుతురులో కనిపించాయి. అలసిపోయి, గడ్డాలు మాసి, ఏం చేయాలో తెలియక కొంచెం సిగ్గుపడుతున్న ముఖాలు.

అమ్మాయిలు తాము నడుస్తున్న వైపే నడిచి, వాళ్లను దాటి బస్సు రోడ్డు ఎక్కారు. అందులో ఒకమ్మాయి వెనక్కి తిరిగి ఒకసారి చూసింది.

లారీ కదిలింది. బావ మాస్కు పైకి లాక్కుని, టీ చెప్పడానికి బండివాడి వైపు తిరిగాడు.